బల్ల ముందు, గది తర్వాత

పిల్లలు చదువులకో ఉద్యోగాలకో ఊరు దాటాక ఇంట్లో ఒక గది మిగులుతుంది. ఖాళీగా మాత్రం ఎక్కువ రోజులు ఉండదు. ముందు ఇస్త్రీకి వెళ్లాల్సిన బట్టలు మంచమెక్కుతాయి. వాటి వెనకాలే పాత టీవీ అట్టపెట్టె, ఎవరి గృహప్రవేశంలోనో చేతిలో పెట్టిన స్టీలు డబ్బాలు, తువ్వాళ్లు ఆరేయడానికి తప్ప వాడని ట్రెడ్‌మిల్ వచ్చి చేరతాయి. "ఆ గదిలో కూర్చుని బొమ్మలేసుకుంటాను" అని రిటైరవ్వక ముందు నుంచీ చెబుతున్న పెద్దమనిషి మాత్రం డైనింగ్ టేబుల్ మీద పేపరు పరుచుకుని రంగుల సీసాలు పేర్చుకుంటూ ఉంటాడు. ఎనిమిదిన్నర కాగానే వంటింట్లోంచి వినబడుతుంది: "ఇహ ఎత్తేయండి, కంచాలు పెట్టాలి."

హాబీలు తీరిక లేక ఆగిపోతాయని అందరూ అంటారు. నేను చూసినంతలో అవి పరచడం దగ్గర, ఎత్తడం దగ్గర ఆగిపోతాయి. సాయంత్రం ఒక గంట దొరికిందనుకోండి. సామాను తీసి పరవడానికి పావుగంట, మళ్లీ డబ్బాల్లో సర్దడానికి ఇంకో పావుగంట. మిగిలిన అరగంటలో చేయి కుదురుకునేసరికే ఎవరో కాలింగ్ బెల్ కొడతారు. మర్నాడు ఆ డబ్బాలు దించాలంటేనే బద్ధకం. వారం తిరిగేసరికి అవి అటకెక్కుతాయి. అదే సగం రంగేసిన అట్ట, సగం కుట్టిన జాకెట్టు, సగం విప్పిన రేడియో రేపటిదాకా ఉన్నచోటే ఉంటే? అటు వెళ్తున్నప్పుడు, ఇటు వస్తున్నప్పుడు కంటబడుతుంది. ఐదు నిమిషాలు దొరికినా రెండు కుట్లు పడతాయి.

అందుకే ఈ అధ్యాయంలో గది అలంకరణ గురించి వెతక్కండి. గోడ రంగు, అద్దాల బీరువా, తగిలించుకునే లైట్లు అన్నీ తర్వాతి సంగతి. సగం పని రాత్రంతా నిశ్చింతగా పడి ఉండగల బల్ల ఒకటి ఉంటే మీకు హాబీ గది ఉన్నట్టే. చుట్టూ నాలుగు గోడలుంటే మంచిదే, లేకపోతే హాల్లో ఓ మూలైనా చాలు. ఆ బల్ల గట్టిదై ఉండాలి. నన్నడిగితే పాతదై కూడా ఉండాలి.

పాతదే ఎందుకు

కొత్త బల్ల కొన్నవాళ్లు మొదట చేసే పని దాన్ని కాపాడుకోవడం. మీద గుడ్డ పరుస్తారు, ఆ గుడ్డ మీద అద్దం వేస్తారు, అద్దం మీద మళ్లీ పేపరు. రంగు చిందుతుందేమో, ఉలి జారుతుందేమో, ఇస్త్రీపెట్టె వేడి తగులుతుందేమో అని కన్నంతా బల్ల మీదే ఉంటుంది. పని మీద ఉండదు. పాత బల్ల దగ్గర ఈ బాధ లేదు. ఎవరో గుమాస్తా ఏళ్ల తరబడి ఒకేచోట పెట్టిన టీ గ్లాసు తెల్లటి చక్రాలు దాని మీద ఎప్పుడో పడ్డాయి. ఏ విద్యార్థో కంపాస్ ముల్లుతో పేరు చెక్కేశాడు. మీరు ఇంకో గీత గీస్తే అదీ వాటిలో కలిసిపోతుంది. పట్టుగొయ్య బిగించడానికి అంచున రంధ్రం వేయాలంటే చేయి వణకదు. పనిచేసేవాడికి ఈ స్వేచ్ఛ చాలా పెద్దది.

రెండో కారణం డబ్బు. ఆన్‌లైన్‌లో అందంగా కనిపించే చవక టేబుళ్లలో ఎక్కువ భాగం పార్టికిల్ బోర్డు, అంటే రంపపు పొట్టునీ చెక్క పలుకుల్నీ జిగురుతో అదిమి, పైన పల్చటి మైకా లాంటి పొర అంటించినది. కదపకుండా ల్యాప్‌టాప్ పెట్టుకుంటే నాలుగేళ్లు మర్యాదగా ఉంటుంది. కానీ కుట్టు మెషీన్ మోటారు అదురు, సుత్తి దెబ్బ, తడి దానికి పడవు. మర బిగించిన చోట ఒకసారి విప్పి మళ్లీ బిగిస్తే పట్టు సగం పోతుంది. అద్దె ఇళ్లు మారేవాళ్లకి ఇది అనుభవమే. రెండో ఇంటికి వెళ్లేసరికి టేబుల్ ఊగుతుంది, మూడో ఇంటికి వెళ్లదు. అంచు దగ్గర నీళ్లు దిగితే బోర్డు ఉబ్బిపోతుంది, ఉబ్బినది మళ్లీ అణగదు. అదే డబ్బుకి, కొన్నిసార్లు అంతకంటే తక్కువకే, మీకంటే వయసులో పెద్దదైన టేకు టేబులో ఉక్కు టేబులో దొరుకుతుంది.

బరువు గురించి ఒక లెక్క చెబుతాను. 5 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, అంగుళం మందం ఉన్న టేకు పలక ఒక్కటే సుమారు 19 కిలోలు తూగుతుంది. కాళ్లు, అడ్డపట్టీలు, సొరుగులు కలిపితే దాన్ని ఒక్కరు ఎత్తలేరు. ఆ ఎత్తలేకపోవడమే మనకి కావాలి. చుట్టాలొస్తే "కాస్త ఈ టేబుల్ బాల్కనీలోకి జరుపుదాం" అని ఎవరూ అనరు. తేలిక బల్లలు అలాగే బాల్కనీకి పోతాయి, అక్కణ్నుంచి తులసికుండీ కిందకి.

టేపు తీయండి

కొనడానికి బయల్దేరే ముందు గదిలో నేల మీద సుద్దముక్కతో బల్ల ఆకారం గీయండి. 4 అడుగులకి 2 అడుగులు ఒకటి, 5కి రెండున్నర ఇంకొకటి. కుర్చీ వెనక్కి జరిపి లేవడానికి మరో 3 అడుగులు వదలండి. ఇప్పుడు బీరువా తలుపు తెరిచి చూడండి. గీత దాటి వస్తోందా? పెద్ద గీత చెరిపేయండి.

ఎత్తు విషయంలో చాలామంది పొరబడతారు. మామూలు ఆఫీసు టేబుల్ 30 అంగుళాలు ఉంటుంది. రాయడానికి, చదవడానికి అది బాగానే ఉంటుంది. కుట్టు మెషీన్‌ని దాని మీద పెడితే సూది మీ ఛాతీ దాకా వస్తుంది, భుజాలు గంటలో పట్టేస్తాయి. దానికి 26, 27 అంగుళాల బల్ల కావాలి. మూతపడ్డ టైపు ఇన్‌స్టిట్యూట్ల నుంచి బయటపడిన టేబుళ్లు సరిగ్గా ఈ పనికొస్తాయి, టైపు మిషన్ కూడా బల్ల మీద అంత ఎత్తున కూర్చునేదే కాబట్టి. కూర్చుని భుజాలు వదిలేసి మోచేయి మడిచినప్పుడు చేయి ఎక్కడుందో, పనిచేసే చోటు అక్కడ ఉండాలి. బొమ్మలు చెక్కడం, గడియారం విప్పడం లాంటి సన్నపనికి కాస్త పైకి ఉంటే మెడ వంగదు. నిలబడి రంపం పట్టే పనికి ఇవేవీ సరిపోవు. నిటారుగా నిలబడితే మణికట్టు మడత ఎక్కడికొస్తుందో అంత ఎత్తు కావాలి. పొడవు కాళ్లు కోయొచ్చు, పొట్టి కాళ్ల కింద దిమ్మలు పెట్టొచ్చు. కానీ మోకాళ్ల మీదికి దిగివచ్చే నడిమి సొరుగుని ఏం చేయలేం. బల్ల ముందు కూర్చోకుండా కొనకండి.

తర్వాత గుమ్మం. పడగ్గది గుమ్మం 3 అడుగులని చెబుతారు గానీ చట్రం మందం, తెరిచిన తలుపు మందం పోగా 32, 33 అంగుళాలే మిగులుతాయి. 30 అంగుళాల ఎత్తు బల్లని పక్కకి ఒరిగించి, కాళ్లు ముందు దూర్చి, తిప్పుకుంటూ తీసుకెళ్లొచ్చు. అపార్ట్‌మెంట్ లిఫ్టులో నిలువుగా నిలబెట్టి ఎక్కించొచ్చు, లోపలి కొలతలు ముందే చూసుకుంటే. అసలు చిక్కు పాత ఇళ్ల మేడమెట్ల మలుపు దగ్గర వస్తుంది. రెండు వైపులా సొరుగుల పెట్టెలున్న పెద్ద ఆఫీసు టేబుల్ అక్కడ ఇరుక్కుంటే హమాలీలు మీ మొహం వంక చూస్తారు, మీరు వాళ్ల మొహం వంక చూస్తారు. పలక విడిగా, పెట్టెలు విడిగా ఊడివస్తాయా అని దుకాణంలోనే అడగాలి.

ఎక్కడ వెతకాలి

హైదరాబాద్‌లో అయితే ఎర్రగడ్డ ఆదివారం సంత, పురానాపూల్ వైపు గురువారం సందడిగా ఉండే జుమ్మేరాత్ బజారు పాత సామాను కోసం వెళ్లదగ్గ చోట్లు. పొద్దున్నే వెళ్లండి. ఎండెక్కాక మంచివి పోతాయి, మిగిలినవాటికి పాలిష్ మెరుపు ఎక్కువగా కనబడుతుంది. ఏ ఊళ్లోనైనా టింబర్ డిపోలున్న వీధి చివర పాత తలుపులు, ద్వారబంధాలు అమ్మే దుకాణం ఒకటి ఉంటుంది. కూల్చిన ఇళ్ల నుంచి వచ్చిన కలపతో పాటు బల్లలూ అక్కడికి చేరతాయి. ప్రభుత్వ ఆఫీసులు, బ్యాంకులు పనికిరావని రాసేసిన ఫర్నిచర్‌ని లాట్ల లెక్కన వేలం వేస్తాయి. లాటులో ఇరవై కుర్చీలు, విరిగిన ర్యాకులు, వాటి మధ్య మీకు కావాల్సిన ఒక్క టేబుల్ ఉంటాయి కాబట్టి మీరు వేలానికి వెళ్లి లాభం లేదు. ఆ లాటు పాడుకున్న వ్యాపారిని పట్టుకోండి.

ఫోన్ యాప్‌లలో వెతికేవాళ్లు నెలాఖర్లో, ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల్లో చూడాలి. ట్రాన్స్‌ఫర్లు, ఇళ్ల మార్పులు అప్పుడే. శనివారం ట్రక్కు వస్తుందని కంగారుపడుతున్న మనిషి గురువారం నాడు ధర గురించి పట్టుబట్టడు.

ఐటీ ఆఫీసుల నుంచి వచ్చే వర్క్‌స్టేషన్లు కరోనా తర్వాత గుట్టలుగా బయటపడ్డాయి. చూడ్డానికి బాగుంటాయి, పలక మందంగా ఉంటుంది, ఉక్కు కాళ్లు. ఒక్క మెలిక ఉంది. అవి వరుసగా నాలుగైదు సీట్లు కలిపి బిగించినవి. మధ్యలో ఉన్న సీటుకి సొంత కాళ్లు రెండు వైపులా ఉండవు. పక్క సీటుతో కాలు పంచుకుంటుంది. దుకాణంలో వరుసగా నిలబడి ఉన్నప్పుడు ఇది కంటికి ఆనదు. ఇంటికొచ్చాక ఒకవైపు కుంగుతుంది.

బోర్లించి చూడండి

పాత బల్ల చరిత్రంతా దాని అడుగున రాసి ఉంటుంది. పైభాగం అమ్మడానికి సిద్ధం చేసినది, దాని మాట నమ్మక్కర్లేదు. టార్చి, టేపు, ఒక స్క్రూడ్రైవర్, చిన్న సీసాలో స్పిరిట్, దూది తీసుకెళ్లండి.

"ఇది అసలు బర్మా టేకు సార్. నిజాం జమానాది."

"కింద చూడొచ్చా?"

"కింద ఏముంటది సార్, కిందంత కాళ్లే."

ఇలాంటి మాట వినబడితే నవ్వేసి, బల్లకి ఒక చివర మీరే పట్టుకోండి. అమ్మేవాళ్లకి ప్రతి ఎర్ర చెక్కా బర్మా టేకే. రంగూన్ నుంచి ఓడల్లో మన కోస్తా రేవులకి టేకు దిగిన రోజులు నిజమే, గోదావరి జిల్లాల మండువా లోగిళ్లలో ఆ స్తంభాలు ఇంకా ఉన్నాయి. అయితే మయన్మార్ 2014 ఏప్రిల్ నుంచి దుంగల ఎగుమతి ఆపేసింది. ఇక పాత ఆఫీసు టేబుళ్లలో చాలావాటికి బర్మాతో సంబంధమే ఉండదు, దేశవాళీ టేకుతో చేసినవవి. అదేం తక్కువది కాదు. ఆదిలాబాద్ అడవుల టేకుతో చేసిన బల్ల మీ పనికి పుష్కలంగా చాలు. మీరు తేల్చుకోవాల్సింది అసలు అది టేకేనా, మామిడి చెక్కకి పులిమిన రంగా అన్నది.

సొరుగు పూర్తిగా బయటికి లాగి తలకిందులు చేయండి. దాని అడుగుకి, వెనక పలకకి పాలిష్ ఎవరూ వేయరు. అక్కడ చెక్క సొంత రంగు కనిపిస్తుంది. టేకు బంగారు గోధుమ రంగులో, ముదురు చారలతో, వేలితో రుద్దితే కాస్త జిడ్డుగా ఉంటుంది. గోటితో గీరి వాసన చూస్తే పాత తోలు వాసన లాంటిది వస్తుంది. మామిడి చెక్క పాలిపోయి, ఎక్కడికక్కడ నల్లటి మరకలతో ఉంటుంది. మద్ది, ఏగిస కర్రతో చేసినవి కూడా గట్టివే. మద్ది టేకుకంటే బరువు, మేకు దిగదని వడ్రంగులు విసుక్కునేంత గట్టిది. టేకు కాదని వాటిని వదిలేయొద్దు. టేకు ధర మాత్రం ఇవ్వొద్దు.

పలక అంచు చూడండి. పైన కనిపించే చారలు అంచు మీదుగా కిందికి కొనసాగితే అది నిండు చెక్క. పైన ఒక చార, అంచున అంటించిన పట్టీ, అడుగున ఇంకో రంగు ఉంటే ప్లైవుడ్ మీద వెనీర్ అతికించినది. మంచి ప్లైవుడ్ బల్ల చెడ్డదేం కాదు, పొరలు విడిపోనంత వరకు. మూలల్ని వేలితో తట్టుకుంటూ పోండి. బోలుగా మోగినచోట పొర లేచిపోయింది.

పురుగు సంగతి ఓపిగ్గా చూడాలి, ఎందుకంటే ఇక్కడ పొరబడితే నష్టం బల్లతో ఆగదు. చెదలైతే అతుకుల్లో, కాళ్ల అడుగున మట్టి గూళ్లు కనిపిస్తాయి. చెక్క తొలిచే పురుగు గుండుసూది తలంత రంధ్రాలు చేసి మైదా లాంటి మెత్తటి పొడి రాలుస్తుంది. రంధ్రాలుండగానే భయపడక్కర్లేదు, పురుగు ఎప్పుడో వెళ్లిపోయి ఉండొచ్చు. బల్ల కింద పేపరు పరిచి కాళ్లని గట్టిగా తట్టండి. తెల్లగా, తాజాగా పొడి రాలితే లోపల కాపురం నడుస్తోందన్నమాట, వదిలేసి రండి. టేకు చేవలో సహజంగా ఉండే కొన్ని పదార్థాలు చెదలకి గిట్టవు. మాను అంచున ఉండే లేత తెల్ల భాగానికి ఆ రక్షణ లేదు. ఆశపడిన వడ్రంగి ఆ తెల్లదాన్ని కూడా కలిపేసి రంగు వేస్తాడు. అందుకే టేకు బల్లలో కూడా ఒక్క పట్టీ మాత్రం పిండి అయిపోయి కనిపిస్తుంది. స్క్రూడ్రైవర్ మొనతో ఆ పట్టీలు పొడిచి చూడండి, దిగబడకూడదు.

ఇక ఊగు. సమంగా ఉన్న గచ్చు మీద బల్ల నిలబెట్టి, నడుము ఆనించి పక్కకి నెట్టండి. ఒక మూల టకటకలాడి ఆగితే కాలు పొట్టిదో, నేల వంకరో, చిన్న బద్ద పెడితే పోతుంది. నాలుగు కాళ్లూ నేల మీద ఉండగానే మొత్తం బల్ల ఒరిగి వెనక్కి వస్తే అతుకులు వదులయ్యాయి. అది బాగవుతుంది, ధర తగ్గించుకోవడానికి కూడా పనికొస్తుంది. పాత వడ్రంగులు కాలిలో గుంత తొలిచి, అడ్డపట్టీ కొసని అందులో దూర్చి బిగించేవాళ్లు. ఆ అతుకులో జిగురు చచ్చిపోయినా చెక్క మిగులుతుంది. కానీ ఎవరో మధ్యలో దొరికినవాడు అతుకుల్లోకి మూడంగుళాల మేకులు దిగ్గొట్టి, ఇనుప క్లాంపులతో కట్టేసి ఉంటే లోపల చెక్క చీలిపోయి ఉంటుంది. అలాంటిది మీకు కష్టం.

స్టీలు టేబుళ్లకి ఇంత పరీక్ష అక్కర్లేదు. 1951-52 తొలి సార్వత్రిక ఎన్నికలకి లక్షలాది బ్యాలెట్ పెట్టెలు చేసిన గోద్రెజ్ కంపెనీ టేబుళ్లు ఇప్పటికీ ఆఫీసుల్లో గట్టిగా నిలబడి ఉన్నాయి. కాళ్ల అడుగున తుప్పు, సొరుగుల పట్టాలు, తాళంచెవులు చూస్తే చాలు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి ఊళ్లలో మాత్రం కాలి లోపలి వైపు వేలు పెట్టి తడమండి, తుప్పు అక్కణ్నుంచి మొదలవుతుంది. ఎలక్ట్రానిక్స్ చేసేవాళ్లు ఉక్కు పలక మీద రబ్బరు మ్యాట్ లేకుండా ఏ సర్క్యూటూ పెట్టకూడదు. మిగతావాళ్లకి దానివల్ల సుఖమే, అయస్కాంతం ఉన్న లైటు ఎక్కడ పెడితే అక్కడ అంటుకుంటుంది.

ఇంటికి తేవడం

ట్రాలీ ఆటో మాట్లాడుకునేటప్పుడు ఏ అంతస్తు, లిఫ్టు ఉందా లేదా అన్నది ముందే చెప్పేయండి. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర మొదలయ్యే బేరం ఎప్పుడూ మీకు నష్టమే. బల్లకి ఎంత ఇవ్వాలనుకున్నారో అందులో మూడో వంతు ఈ మోతకి, రిపేరుకి పక్కన పెట్టుకోండి. స్టీలు టేబులైతే శనివారం తేకండి. శనివారం ఇనుము గుమ్మం దాటకూడదని ఇంట్లో పెద్దవాళ్లు అంటే మీరు గెలవలేరు, గెలిచినా ఆ టేబుల్ మీద మొదటి ఆర్నెల్లలో ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా నేరం మీదే. "ఎవరో వాడి పారేసినది మనకెందుకు" అన్న మాట ఎలాగూ వస్తుంది. దానికి జవాబు చెప్పకండి, బల్లని శుభ్రంగా తుడిచి చూపించండి.

ఆ తుడవడం గుమ్మం బయటే జరగాలి. సొరుగులన్నీ తీసి, మూలల్లో బ్రష్షుతో దులిపి, వాక్యూమ్ పట్టి, అతుకుల సందుల్లో టార్చి వేసి చూడండి. నల్లులు మంచాల్లోనే ఉంటాయనుకోవడం పొరపాటు, గుమాస్తా కుర్చీ, టేబుల్ సందులు వాటికి పాత కాపురాలే. బొద్దింక గుడ్ల తిత్తులు సొరుగు వెనక పలకకి అంటుకుని ఉంటాయి. సొరుగుల్ని ఎండలో పెట్టండి. బల్లని మాత్రం నడివేసవి ఎండలో వదిలేయకండి, ఏళ్లుగా నీడలో ఉన్న చెక్క ఒక్క మధ్యాహ్నానికి నెర్రెలిస్తుంది. గాలి ఆడే నీడ చాలు.

పలక గీకి కొత్తగా చేసేద్దామన్న ఉత్సాహం ఇక్కడ ముంచుకొస్తుంది. ఆగండి. ముందు తడిగుడ్డతో తుడిచి, ఆరాక కనబడని మూల స్పిరిట్‌లో ముంచిన దూది ఒక నిమిషం ఆనించండి. మెరుపు కరిగి దూదికి గోధుమ రంగు అంటితే అది లక్క పాలిష్. స్పిరిట్‌లో కరిగించిన లక్కనే గుడ్డతో పల్చగా పూస్తే చాలా మచ్చలు సర్దుకుంటాయి, గీకాల్సిన అవసరమే ఉండదు. కరగకపోతే వార్నిషో, ఈ మధ్య వేసే పాలియురేతేనో. రంగు, ముఖ్యంగా పాత ఆకుపచ్చ, పసుపు, ఎరుపు పెయింటు వేసి ఉంటే పొడిగా ఉప్పుకాగితం పెట్టి రుద్దకండి. మన దేశంలో ఇళ్ల పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన 2017 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు. అంతకుముందు వేసిన రంగులో ఎంతుందో చూసి చెప్పలేం. ఆ దుమ్ము పిల్లల ఊపిరిలోకి పోకూడదు. తడిపి గీకడమో, దానిమీదే కొత్త కోటు వేయడమో మేలు. చెక్కకి అవిసె నూనె పట్టించే సరదా ఉంటే ఆ నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి. వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లలో ముంచి బయట పరిచి ఆరనివ్వాలి.

వదులైన అతుకుకి జిగురు పూసే ముందు పాత జిగురంతా గీకేయండి. పాతదాని మీద కొత్తది పట్టదు. ఈ ఒక్క పని చేయకే ఇంట్లో బాగుచేసిన కుర్చీలన్నీ మళ్లీ ఊడతాయి. తెల్ల జిగురు పూసి, అతుకు దూర్చి, కాళ్ల చుట్టూ మందపాటి తాడు రెండు చుట్లు చుట్టి, మధ్యలో కర్రముక్క పెట్టి మెలితిప్పండి. వదులైన నులక మంచం బిగించినట్టే బల్ల కిర్రుమంటూ దగ్గరకొస్తుంది. ఎదురు మూలల మధ్య దూరం రెండు వైపులా టేపుతో కొలవండి, రెండూ సమానంగా వస్తే బల్ల చదరంగా ఉన్నట్టు. కర్రని అలాగే కట్టి ఒక రోజు ముట్టుకోకండి. బిగుసుకుపోయిన సొరుగు జారడానికి కొవ్వొత్తి తీసుకుని పట్టాల మీద రుద్దితే చాలు. నూనె పూయకండి, దుమ్ము అంటుకుని ఇంకా బిగుస్తుంది.

టీ గ్లాసు చక్రాలు, చెక్కిన పేర్లు అలాగే ఉండనివ్వండి.

చోటు, ఒప్పందం

బల్ల కిటికీ పక్కగా వేయండి. కుడిచేతి వాటం వాళ్లకి వెలుగు ఎడమ నుంచి రావాలి, చేయి నీడ పని మీద పడకుండా. వాస్తు చెప్పేవాళ్లు తూర్పుకో ఉత్తరానికో తిరిగి కూర్చోమంటారు. కిటికీ అటే ఉంటే గొడవ లేదు, లేకపోతే నేనైతే కిటికీ మాట వింటాను. గోడకి ఆనించకండి, రెండంగుళాలు వదలండి. వానాకాలం చెమ్మెక్కే గోడైతే ఇంకా ఎక్కువ. కాళ్లకి రబ్బరు బుష్షులు తొడిగితే ఇల్లు తుడిచిన నీళ్లు చెక్కలోకి పీల్చుకోవు. ప్లగ్ పాయింట్ బల్ల వెనక దాక్కోకూడదు. ఇస్త్రీపెట్టె, హీట్ గన్ లాంటివి వాడేవాళ్లు చవక ఎక్స్‌టెన్షన్ బోర్డుకి బదులు ఎలక్ట్రీషియన్‌తో 16 ఆంపియర్ల పాయింట్ ఒకటి వేయించుకోవాలి.

ర్యాకులు, డబ్బాలు, గోడకి తగిలించే పనిముట్ల పలకలు ఇప్పుడే కొనకండి. కొన్ని నెలలు పనిచేశాక చేయి మాటిమాటికీ ఎటు పోతుందో తెలుస్తుంది, ర్యాకు అక్కడ పెట్టుకోవచ్చు. కుర్చీ మాత్రం ఇప్పుడే కావాలి. దాన్ని పాతది కొనమని చెప్పను, మెత్తలోపల ఏముందో చూడలేం కాబట్టి. చెక్క కుర్చీ అయితే సరే.

ఇంట్లోవాళ్లతో ఒక ఒప్పందం అవసరం. ఖాళీగా కనిపించే ఏ చదునైన చోటైనా తెలుగిళ్లలో సాయంత్రానికి నిండిపోతుంది. కొరియర్ పార్శిల్, కరెంటు బిల్లు, ఎవరో ఇచ్చిన శుభలేఖ, సగం తాగిన మంచినీళ్ల సీసా. మాటలతో చెప్పి లాభం లేదు. బల్ల ఖాళీగా కనబడకుండా చూసుకోవడమే మందు. రోజూ లేచే ముందు పని ఎత్తేయకుండా, రేపు మొదట చేయాల్సినదాన్ని మధ్యలో పరిచి వదిలేయండి. కుట్టేవాళ్లు గుడ్డని పాదం కిందే ఉంచి దారం ఎక్కించి పెట్టుకోవాలి. బొమ్మలేసేవాళ్లు తర్వాతి రంగు సీసా ముందుకి జరిపి వెళ్లాలి. పని పరిచి ఉన్న బల్ల మీద పార్శిల్ పెట్టడానికి ఎవరికైనా ఒక్క క్షణం చేయి ఆగుతుంది. పదునైన పనిముట్లు, స్పిరిట్ సీసా మాత్రం తాళం ఉన్న సొరుగులోకి పోవాల్సిందే, ఇంట్లో చిన్నపిల్లలు తిరుగుతుంటే మరీను.

ఆరు నెలలయ్యాక బల్ల చిన్నదైందనో, అసలు ఈ హాబీయే మనకి పడలేదనో తేలొచ్చు. కొత్త టేబుల్ అయితే సగం ధర కూడా రాదు. పాతది మీరు కొన్న ధరకి దగ్గర్లోనే పోతుంది, అతుకులు బిగించి ఉంటే కాస్త ఎక్కువే రావచ్చు. అమ్మిన వ్యాపారి నంబరు ఫోన్‌లో దాచుకోండి. అతనే వచ్చి తీసుకెళ్తాడు. బల్లని బోర్లించి, టార్చి వేసి, "ఇది టేకేనా సార్?" అని ఈసారి అతను అడుగుతాడు.